గొడుగు దగ్గర ఆగాల్సిన కారు

కొత్త టైరు మీది ప్లాస్టిక్ చుట్ట విప్పగానే వచ్చే రబ్బరు వాసన నాకు ఇష్టమంటే నవ్వుతారు. అరకు అంటే అందరికీ కాఫీ వాసన. ఇక్కడి నా టైర్ల షాపులో పొద్దున్నే ఈ ఘాటు ముక్కుకు తగిలితే మాత్రం నాకు రత్నాలమ్మగారు గుర్తొస్తారు. గుమ్మలక్ష్మీపురం దగ్గరి కొండ ఊరి నుంచి దిగి, పార్వతీపురంలో ఆవిడ టైర్ల షాపులో చాలా ఏళ్లు పనిచేశాను. భర్త పోయాక ఆ షాపును ఒక్కరే నడిపిన మనిషి. ఆవిడ నోటికి జడిసి డ్రైవర్లు గుమ్మం బయటే బీడీ పారేసి వచ్చేవారు. నాకూ జడుపే.

టైర్లకు వచ్చినవాళ్లను ఎవరైనా ముందు సైజు అడుగుతారు. ఆవిడ "బండిలో ఎవులెక్కుతారు?" అని అడిగేవారు. కొత్త బండికి పసుపు కుంకుమ పూసుకొస్తే తడిగుడ్డతో తుడిపించి మరీ టైరు పక్కనున్న రాతలు చదివించేవారు. మొదటి రోజే నా వేలు పట్టుకుని ఆ ఉబ్బెత్తు అక్షరాల మీద నడిపించారు.

"ఈ అంకె సూడు. పెద్దదైతే టైరు బేగి అరగదు. పక్కనున్న అచ్చరం, తడి రోడ్డు మీద బండి ఎలాగ ఆగుతాదో సెప్తాది. ఆ తరవాతది, టైరు ఎంత వేడికి ఓర్సుకుంటాదో. అందరూ అంకె సూత్తారు. నువ్వు అచ్చరాలు సూడు గుంటా."

మా తమ్ముడు సింగన్న పాత కారు కొన్నాడు. తన ఇద్దరు కూతుళ్లతో పాటు ఊరి పిల్లలను ఎక్కించుకుని రోజూ కొండ దిగి బడికి తీసుకెళ్లేవాడు. టైర్ల కోసం మా షాపుకే వచ్చాడు గానీ, పెద్ద అంకె ఉన్నవే కావాలని పట్టుబట్టాడు. తడిలో పట్టు తక్కువని ఆవిడ ఇవ్వనన్నారు. "మీ రత్నాలమ్మగారికి యాపారం సెయ్యడం రాదక్కా" అని విసురుగా వెళ్లి, అవే వేరే చోట కొన్నాడు. ఆవిడ ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

ముసురు పట్టిన ఒక సెలవు రోజు ఆవిడ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి గుమ్మలక్ష్మీపురం వచ్చారు. సింగన్నను కారు తెమ్మన్నారు. సంత లేక ఖాళీగా ఉన్న మైదానం పక్కన, తడి రోడ్డుకు అడ్డంగా తన గొడుగు పడుకోబెట్టారు.

"దీని మీదికెళ్లకుండా ఆపాల. నేను నీ పక్కన కూకుంటాను."

"ఇదేటి పనమ్మా" అని వాడు నవ్వాడు.

నేను గట్టు మీద నిలబడ్డాను. వాడేమీ అంత వేగంగా రాలేదు. రోజూ తొక్కినట్టే బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి, కారు మాత్రం ఆగకుండా జారి గొడుగు మీదుగా వెళ్లిపోయింది. కమ్మీలు విరిగిన చప్పుడు నాకు వినబడింది.

ఆవిడ వానలో దిగి, విరిగిన గొడుగు తీసి దులుపుకున్నారు. "గొడుగే కదా. ఇంకోటి కొనుక్కుంటాను" అన్నారు.

మర్నాడు సింగన్న పిల్లలను బస్సులో పంపి షాపుకు వచ్చాడు. ఆవిడ నోరు విప్పకముందే "నా ఇద్దరు గుంటలూ ఎక్కుతారమ్మా" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆవిడకు జబ్బు చేసింది. విశాఖ ఆసుపత్రికి సింగన్నే తీసుకెళ్లాడు. ఆ రోజూ వానే. నా భుజం పట్టుకుని కారు దాకా వచ్చి, ఎక్కకుండా ఆగి, వంగి టైరు మీద వేలు పెట్టి చూశారు.

"మొన్నే మార్సాను. ఈ పాలి మీరెక్కుతారు కదమ్మా" అన్నాడు సింగన్న.

ఆవిడ నవ్వి ఎక్కారు. మళ్లీ షాపుకు రాలేదు.

ఇప్పుడు నా షాపుకు వచ్చేవాళ్లంతా ఎన్ని కిలోమీటర్లు వస్తాయని అడుగుతారు. చెబుతాను. చెప్పేముందు, బండిలో ఎవరెక్కుతారని అడుగుతాను. కొందరు అదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. కొందరు మాత్రం పిల్లల పేర్లు చెబుతారు.