చేపల తొట్టి కింద తనాకా రాయి

తాకేటా పేటలో సగం ఇళ్లకు చెక్కపని చేసిన మా తాత కూర్మనాథానికి జుట్టు పూర్తిగా నెరిసింది గాని, అసూయ మాత్రం పెళ్లినాటి వయసులోనే ఆగిపోయింది. ఈమధ్య అదంతా పక్కింటి వాసుదేవరావు మీదికి మళ్లింది. ఆయన మంచమంత పొడుగు చేపల తొట్టి కొన్నాడు. పొద్దు వాలితే చాలు, అమ్మమ్మ చిలకమ్మ వెళ్లి దాని ముందు పీట వేసుకుంటోంది.

“ఎర్రసేప నన్ను గుర్తుపడతందయ్యా” అంది ఓరోజు మురిసిపోతూ.

“నానూ ఇన్నేళ్లుగా గుర్తుపడతన్నాను. నా ముందు ఒక్కనాడైనా పీటేసుకున్నావేటే?”

“నీకు తోకుందేటి?” అని ఆవిడ చక్కా వెళ్లిపోయింది.

తాత ఉడుక్కుంటూ అద్దం దగ్గరికెళ్లాడు. అక్కడ ఉండాల్సిన తనాకా రాయి లేదు. చలవకని బుగ్గలకు పూసుకునే తనాకా చెక్కను అరగదీసే ఆ గుండ్రటి పలకరాయిని, పెళ్లయిన కొత్తలో ఏటి అవతలి దలా నుంచి పడవలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడాయన. విసవిసా పక్కింటికి నడిచాడు.

రాయి తొట్టి బల్ల ముందుకాలి కింద ఉంది!

“బల్ల ఓరగా ఉందన్నా. సిలకమ్మొదిన ఇచ్చింది” అన్నాడు వాసుదేవరావు.

ఓరగా ఉండక? వానాకాలంలో లోపలికొచ్చిన నీళ్లు బయటికి పోవాలని ఆ వీధి ఇళ్ల నేలలన్నీ గుమ్మం వైపు వాల్చి వేసింది తాతే. కోపంలో వంగి రాయి మీద చెయ్యేశాడు. ఒక్క లాగుడు చాలు. అప్పుడు తలెత్తి చూస్తే తొట్టిలో నీటి అంచు ఏటవాలుగా ఉంది. దాని కిందే, పీట మీద, చిలకమ్మ. చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాడు.

“లేయే అక్కణ్ణించి!”

“ఇక్కడా కూకోనీవేటి?”

“తొట్టి అద్దం పగిలితే నీ ఎర్రసేపతో పాటు నువ్వూ వీదిలోకి కొట్టుకుపోతావు. లే!”

వాసుదేవరావు కంగారుపడ్డాడు. “అద్దం కింద అట్టముక్క దూర్చనా అన్నా?”

“దూర్చు. రేపు సేపల పులుసుకి మమ్మల్నీ పిలు.”

చేపల్ని బకెట్లలోకి మార్చారు. గొట్టం పెట్టి నీళ్లన్నీ తోడారు. నలుగురు పట్టి తొట్టిని కిందికి దించాక గాని తాత రాయిని కదపనివ్వలేదు. బల్ల మీద వాలు చూసే రసమట్టం పెట్టి పొడుగూ, అడ్డమూ, మూల నుంచి మూలకూ చూశాడు. కాలంత వెడల్పున పలచటి టేకు ముక్కలు చెక్కి, పల్లం వైపున్న కాళ్ల కింద పెట్టాడు. ఊపి చూస్తే బల్ల కదల్లేదు. తొట్టి ఎక్కించి, సగం నీళ్లు పోసి మళ్లీ చూశాడు. ఆ తర్వాతే నిండా పోయనిచ్చాడు. నీటి అంచు గీత గీసినట్టు నిలిచింది.

రాయిని మాత్రం ఎవర్నీ మొయ్యనివ్వకుండా చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. చిలకమ్మ ఆ రాయి మీదే తనాకా అరగదీసి ఆయన బుగ్గలకు రాసింది.

“ఇప్పుడైనా సల్లబడ్డావా?”

“ఎడం బుగ్గకి తక్కువైంది.”

“రసమట్టం ఎట్టి సూసుకో!”

మర్నాటి నుంచి బల్ల చూసొస్తానని తాతా ఆవిడ వెంట వెళ్తున్నాడు, తన పీట తనే పట్టుకుని. ఎర్రచేప అమ్మమ్మ వైపు ఈదుకొచ్చినప్పుడల్లా ఆ పీట కాస్త ముందుకు జరుగుతోంది.