తాతకి నల్లకళ్ళద్దాలు

కొత్త టీషర్టు కవరు విప్పగానే వచ్చే ఆ రంగు వాసన ఉంది చూశారూ, అదంటేనే ఇప్పుడు నాకు గిట్టడం లేదు. మొన్న మా అమ్మాయి ముచ్చటపడి తెచ్చిచ్చింది. దాని మీద మా తాత బొమ్మ. నెత్తిన గోనెసంచి కప్పుకుని ముద్ద నోటి దగ్గర పెట్టుకున్న మనిషికి, ఎవడో నల్లకళ్ళద్దాలు తగిలించాడు. రంగూన్‌లో ఇప్పుడు కప్పుల మీదా, సంచుల మీదా, ఫోను కవర్ల మీదా ఇదే బొమ్మ.

తాత బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోసేవాడు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని బతికినన్నాళ్ళూ ఒక్క ఫొటోకీ నిలబడలేదు. ఓ వానాకాలం అక్కడ సినిమా తీస్తున్న బర్మా డైరెక్టరొకాయన, గోడౌను చూరు కింద చద్దన్నం తింటున్న తాతని ఆయనకి తెలీకుండానే కెమెరాలో పట్టేశాడు. పాట లేదు, మాట లేదు. వాన కురుస్తుంది, ఓ ముసలాయన ఎండుచేప నంజుకుని గిన్నె ఖాళీ అయ్యేదాకా తింటాడు, అంతే. సినిమా ఆడలేదు. మరుసటేడు తాత పోయాడు.

అందుకే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా ఇంట్లో పెద్దలకి పెట్టే రోజున దండెయ్యడానికి ఫొటో ఉండేది కాదు, పక్కింటి బర్మా మాస్టారు సంపాదించిపెట్టిన ఆ సినిమా క్యాసెట్టు ఉండేది. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. బయట ఎడతెగని ముసురు, ఇంట్లో గారెల నూనె ఘుమఘుమ, సాంబ్రాణి పొగ, ఆరని బట్టల ముక్కిన వాసన. కరెంటు పోకుండా ఉంటే చాలని అత్తలు దణ్ణాలు పెట్టుకుంటుంటే, మామ్మ అద్దె టీవీ ముందు అరిటాకు వేసి, తాత వచ్చేదాకా రెప్పెయ్యకుండా కూర్చునేది. తెర మీద తాత గిన్నె మూత తియ్యగానే కేకేసేది.

“బేగి ఎయ్యండర్రా, ముద్ద కలిపేత్తన్నాడు!”

గారెలు, పులుసు, ఎండుచేప, అన్నీ ఆయన మొదటి ముద్ద మింగేలోపు ఆకులో పడిపోవాలి. ఆయన తిన్నంతసేపూ ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. ఈ సినిమాలో ఏముందే మామ్మా అని ఓసారి అడిగితే, “ఏటుంటాదిరా? మీ తాత కడుపునిండా తిన్నాడు, అదుంది” అంది. ఆ మాట విని మాస్టారు, డైరెక్టరుకి ఇంతకంటే మంచి ప్రేక్షకురాలు దొరకదన్నాడు.

ఆ డైరెక్టరు పోయాక ఎవరో కుర్రకారు ఆయన్ని ఆకాశానికెత్తారు, ఆ వెనకాలే ఈ సరుకు దిగింది. ఉండబట్టలేక చౌక్తడా పేటలో ఓ కొట్టుకెళ్ళి, ఈయన మా తాతేనమ్మా అన్నాను. ఆ పిల్ల ఆ సినిమా చూడనేలేదట. ఎంతో సంబరపడి, నాతో ఓ సెల్ఫీ తీసుకుంటానంది. నిలబడ్డాను. ఏం చెయ్యమంటారు?

ఇప్పుడు మామ్మా లేదు, మాస్టారూ లేడు, క్యాసెట్టూ బూజు పట్టిపోయింది. ఈ ఏడాది ఆకు ముందు ల్యాప్‌టాప్‌లో, నెట్‌లో దొరికిన ఆ సినిమా పెట్టి, గరిటె పట్టుకుని నేనే కూర్చున్నాను. తాత కనబడ్డాడు.

“నాన్నా, తాతకి గ్లాసెస్ ఏవి?” అంది అమ్మాయి. పిల్లలంతా ఫక్కుమన్నారు.

నోర్ముయ్యండని గద్దించి తెరకేసి చూశాను. ఎంత ఆపుకుందామన్నా కాలేదు, ఛీ, నాకూ నవ్వొచ్చేసింది. తేరుకుని చూసేసరికి తాత తినేసి వానలో చెయ్యి కడుక్కుంటున్నాడు. ఆకులో మెతుకు పడలేదు.