పడుకోబెట్టిన ట్యాంకు

1984లో ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి జరుగుతున్నప్పుడు గాజువాక దగ్గర ఒక చిన్న కాంట్రాక్టు యార్డులో మెకానికల్ ఇంజనీరుగా ఉండేవాణ్ణి. మా లారీలకీ క్రేన్లకీ డీజిల్ పోసేది అప్పలరాజు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ.

ఆ ఏడు పాత నిలువు ట్యాంకు తుప్పు పట్టిపోతే, దాని బదులు పొడుగాటి పీపాలాంటి ట్యాంకుని అడ్డంగా పడుకోబెట్టారు. డీజిల్ ఎంతుందో చూడ్డానికి లోపలికి దించే గీతల కర్రని డిప్ స్టిక్ అంటారు. మా స్టోర్స్ సూపరింటెండెంటు పాత అలవాటు కొద్దీ కొత్త కర్ర మీద కూడా సమాన దూరాల్లో గీతలు పెట్టించాడు. ట్యాంకు నిండా నింపిన వారంలోనే కర్ర చూపించేదానికీ, బళ్లకి పోసినదానికీ పొంతన కుదరలేదు. డీజిల్ తగ్గింది! ఇంకేముంది, అప్పలరాజుని పనిలోంచి ఆపి నాలుగు రోజులు గేటు బయట నిలబెట్టారు. పోలీసులకి అప్పగిస్తానని సూపరింటెండెంటు ఒకటే అరుపులు.

"సింహాద్రప్పన్న మీద ఒట్టు బాబూ, నాను సుక్క కూడా తియ్యనేదు," అన్నాడు నాతో.

"మరి ఏమైందంటావ్?"

"అదే తెల్దు బాబూ. ఏటి సెప్పమంటారు?"

ఆ కర్రని చేతిలోకి తీసుకున్నాక నాకు చిర్రెత్తుకొచ్చింది. సమాన దూరాల్లో గీతలంటే లీనియర్ లెక్క. లీనియర్ అంటే ఒకటి మారినప్పుడల్లా రెండోది కూడా ఎప్పుడూ అదే లెక్కన మారాలి. గ్రాఫ్ గీస్తే తిన్నని గీత రావాలి. నిలువు ట్యాంకులో ఎక్కడ చూసినా అంగుళానికి ఒకే మొత్తం డీజిల్, కాబట్టి ఒక్క చిన్న సమీకరణంతో పనైపోతుంది. పడుకున్న ట్యాంకు అలా కాదు. నడుమ వెడల్పు, పైనా కిందా ఇరుకు. నిండు ట్యాంకులో పై అంగుళం దిగితే పోయేది కొంచెమే. ఆ కర్ర మాత్రం చాలా పోయిందంటుంది.

"మీ కాలేజీ లెక్కలు నా దగ్గరా?" అన్నాడు సూపరింటెండెంటు. నేనూ ఊరుకోలేదు. ట్యాంకు ఖాళీ చేయించి, ఒకే కొలత డ్రమ్ముతో అందరి ముందూ మళ్లీ నింపించాను. డ్రమ్ము డ్రమ్ముకీ కర్ర మీద మేకుతో గీత పెట్టాం. గీతలు అడుగున ఎడంగా, నడుమ దగ్గరదగ్గరగా, పైకొచ్చేసరికి మళ్లీ ఎడంగా పడ్డాయి.

ఆ సాయంత్రమే అప్పలరాజుని పనిలోకి తీసుకున్నారు. ఆ కబురు నేనే సంతోషంగా చెప్పాను. అతను తలెత్తలేదు.

"కేసు పోనాది గానీ బాబూ, మా ఇంటిది కూడా అడిగీసినాది, ఎవుడికి అమ్మీసినావని."

ఆ తర్వాత ఎన్నో యార్డుల్లో పనిచేశాను. ఎక్కడ తేడా వచ్చిందన్నా మనిషిని నిలదీయకముందే కొలిచే సాధనాన్ని చూడ్డం అలవాటు చేసుకున్నాను. నిజం తేలడానికి ఒక్క పూట చాలింది గానీ, ఆ పూట నాలుగు రోజుల ముందే రావలసింది. భార్య నోట ఆ మాట వినకముందే.