అన్నప్రాసన నాడు పాప ఏరిన ఎలుకలు

డిగ్రీలో నేను జువాలజీ చదివాను. మా పాప తుమ్మితే కంగారుపడతాను గానీ, శకునాలనూ దయ్యాలనూ ఏనాడూ నమ్మలేదు. అందుకే ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది దాచేపల్లి. నాన్న సున్నపురాయి లారీ డ్రైవరు. నా చెల్లెలు సుజాత హైదరాబాదులో ఎలుకల మీద పరిశోధన చేస్తోంది. ఈ మాట చెప్పేటప్పుడు అందరికీ వినపడాలని నాన్న లారీ ఇంజన్ ఆపేస్తాడు.

ఒంట్లో రోగాలతో పోరాడే టి కణాలుంటాయి. ఒక ఎలుక టి కణాలను వేరే జాతి ఎలుకకు ఎక్కిస్తే, అవి ఆ కొత్త ఒంటినే శత్రువనుకుని చర్మాన్నీ పేగుల్నీ దెబ్బతీస్తాయి. ఒకే ఒక్క కణాన్ని పెంచి, దాని సంతానాన్ని మాత్రమే ఎక్కించినా ఆ జబ్బు వస్తుందని సుజాత వాదన. వాళ్ల ప్రొఫెసరు ఒప్పుకోలేదు. జబ్బు రాకపోతే ఆమె పరిశోధన అక్కడితో ఆగిపోయేది.

కొన్ని ఎలుకలకు ఆ కణాలు, కొన్నింటికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించారు. దేనికి ఏది ఇచ్చారో సుజాతకు చెప్పరు. చూసేవాళ్ల కన్ను మోసపోకుండా అది వాళ్ల పద్ధతి. ఎక్కించిన రోజు ఒక్కో ఎలుకకూ విడిగా తీసిన ఫొటోలు కడిగించుకుని సుజాత మా పాప అన్నప్రాసనకు వచ్చింది. అప్పటికి ఏదీ జబ్బుపడలేదు.

పాప ముందు పుస్తకం, బంగారం, కత్తి, పూలు పెట్టాం. సుజాత నవ్వుతూ ఆ ఫొటోలూ పరిచింది. అన్నింటిలోనూ ఒకేలాంటి తెల్ల ఎలుకలు. పాప పాక్కుంటూ వెళ్లి, మూడు ఫొటోలు ఏరి పొట్ట కిందికి లాక్కుంది. మిగతావి చేతికిస్తే విసిరేసింది.

"ఏందే ఇది, బంగారం వంక చూడనన్నా చూడలా," అంది అమ్మ.

"పిన్ని పోలికమ్మా. దీనికీ సంబంధాలు రావులే," అంది సుజాత, ఫొటోల వెనక నంబర్లు చూసుకుంటూ.

కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది. పాప ఏరినవాటిలో రెండింటికి చెవులు ఎర్రబడి, బొచ్చు రాలి, వెన్ను గూనిలా వంగిందట. మూడోది హాయిగా తింటోందని విని నేను ఊపిరి పీల్చుకున్నాను.

"రెండు చాలవంటున్నాడక్కా మా సారు. ఇంకోటి పడకేస్తేగాని నమ్మడంట," అంది సుజాత.

చెల్లెలు గెలవాలి. పాప చెయ్యిపడ్డ ఆ ఎలుక మాత్రం బాగుండాలి. రెండూ కోరుకున్నాను.

తర్వాత సుజాత ఉత్తరం వచ్చింది. మూడోదీ పడిపోయింది. మిగతావన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. ఒక్క కణం సంతానాన్ని ఎక్కించింది ఆ మూడింటికేనని ప్రొఫెసరే చెప్పాడట.

నాన్న సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరికీ టీ ఇప్పించాడు. మా చెల్లెలు నెగ్గిందని నేనూ వీధంతా చెప్పుకొచ్చాను.

పాప సంగతి మాత్రం సుజాతా నేనూ మాట్లాడుకోం. కాకతాళీయమే కావచ్చు. కానీ నిగనిగలాడుతున్న అన్ని ఎలుకల్లో ఆ మూడింటినే అది పొట్ట కింద ఎందుకు దాచుకుందో, నా చదువు ఇప్పటికీ చెప్పలేకపోతోంది.