చూసినవారు: ఒక్కరు

గుంటూరు షేర్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చునేవాడికి సగం సీటే దక్కుతుంది. మిగతా సగం మనిషి గాలిలో ప్రయాణిస్తాడు. దీని మీద ఇంతవరకూ ఎవరూ కోర్టుకెక్కకపోవడం నాకు పెద్ద వింత.

నలభై ఏళ్ళలో అంతకుమించిన వింత నేను చూడలేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. దెయ్యాలు సిలబస్‌లో లేవు, కాబట్టి నమ్మను. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దెయ్యం అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

దానియేలు నా డిగ్రీ స్నేహితుడు. మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. పొదిలి దగ్గర ఒక పల్లెలో మిరప వేస్తాడు. చదువుకునే రోజుల్లో సెలవులకు వాళ్ళింటికి వెళితే, వాళ్ళ నాన్న తన మంచం నాకిచ్చి తాను అరుగు మీద పడుకునేవాడు. ఆయన్ని బాబాయి అని పిలిచేవాణ్ణి.

ఆ బాబాయి కిందటి జనవరిలో పోయాడు. నేను వెళ్ళలేదు. ప్రాక్టికల్స్ డ్యూటీ ఉంది. సెలవు అడిగితే ఇచ్చేవారు. అడగలేదు. బాబాయి ఫొటో, దాని కింద దణ్ణం బొమ్మ వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాను. చూసినవాళ్ళ జాబితాలో దానియేలు పేరు కనిపించింది.

అదే ఆఖరు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. నా స్టేటస్‌లు చూడటమూ మానేశాడు. ఇరవై ఏళ్ళ స్నేహం చెడిందన్న సంగతి నాకు ఆ జాబితాయే చెప్పింది.

జులైలో ఒక ఉదయం, అలాగే ఆటోలో సగం వేలాడుతూ, ముందురోజు పెట్టిన వాన ఫొటోను ఎవరెవరు చూశారో చూస్తున్నాను. దానియేలు. పేరు, ఫొటో, కింద టైము. మర్నాడూ ఉన్నాడు. ఆ మర్నాడూ ఉన్నాడు.

ఫోన్ చేస్తే స్విచాఫ్. మెసేజ్ పెడితే ఒకటే టిక్కు, అంటే అందలేదు. స్టేటస్ మాత్రం చూస్తున్నాడు. కోపం తగ్గింది గానీ మాట్లాడేంత తగ్గలేదని సర్దిచెప్పుకున్నాను. నెలన్నర ఆగి, అలవాటు కొద్దీ ఒక ప్రయోగం చేశాను. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, దానియేలు ఒక్కడికే కనిపించేలా స్టేటస్ పెట్టాను: "రావలసింది. రాలేదు. క్షమించరా."

గంటలోపే వచ్చింది. చూసినవారు: ఒక్కరు.

అది శుక్రవారం. ఆదివారం పొదిలి బస్సెక్కాను.

దానియేలు ఇంటి ముందు పురుగుమందు డ్రమ్ము కడుగుతున్నాడు. నన్ను చూసి కడగడం ఆపలేదు.

"దారి గుర్తుందే!"

"నువ్వు చూశావుగా, అందుకే వచ్చాన్రా."

"ఏం చూశాను?"

స్క్రీన్‌షాట్లు చూపించాను. తన పేరు తానే రెండుసార్లు చదువుకున్నాడు. లోపలికెళ్ళి అలమరాలోంచి ఒక ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అద్దం పగిలింది. బ్యాటరీ ఉబ్బింది. సందుల నిండా కారం. ముందు తుమ్మాను, తర్వాత అడిగాను.

మిరపకాయలు గోనెలో పోసి, లోపల నిలబడి కాళ్ళతో తొక్కి, మూతి కుట్టేస్తారు. ఆ బస్తానే టిక్కీ అంటారు. మార్చిలో టిక్కీ తొక్కుతుంటే దానియేలు జేబులోంచి ఫోన్ జారిపోయింది. అంతకుముందు ప్రార్థనకు వెళ్ళినప్పుడు సైలెంట్‌లో పెట్టి మళ్ళీ తీయలేదు. రింగిచ్చినా వినబడలేదు. అరవై టిక్కీలు విప్పలేక, అన్నిటినీ అలాగే గుంటూరు కోల్డ్ స్టోరేజీకి పంపేశాడు. పది రోజుల కిందట అమ్మకానికి తీసి కోస్తే దొరికింది.

"మరి అదే నంబరు మళ్ళీ తీసుకోకపోయావా?"

"ఆ సిమ్ము నాన్న పేరు మీదుందిరా. షాపువాడు నాన్న వేలిముద్ర కావాలన్నాడు. యాడ్నుంచి తెచ్చేది?"

కొత్త నంబరు తీసుకున్నాడు. నాకివ్వలేదు.

ఆ ఫోన్ సిమ్ ట్రే లాగి చూశాను. పాత సిమ్ము అందులోనే ఉంది. ఆ నంబరు ఇంకెవరికైనా వెళ్ళిందనుకుంటే, నా మెసేజ్‌లు వాళ్ళకు అందాలి. అందలేదు. తన వాట్సాప్‌ను కంప్యూటర్ లాంటి వేరే మిషన్లో తెరిచి ఉంచాడేమో అనుకుంటే, ఆ ఇంట్లో ఉన్న మిషన్లు రెండే: కుట్టుమిషను, మిక్సీ.

తర్వాత మా కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మిత్రుణ్ణి కూడా అడిగాను. అరగంట ఆలోచించి, నా ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయమన్నాడు. చేశాను. స్క్రీన్‌షాట్లు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. కారణం మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఆదివారం మాత్రం దానియేలూ నేనూ డ్రమ్ము సంగతి, కోపం సంగతి మరిచిపోయి, ఆ చచ్చిన ఫోన్‌ను మంచం మీద మధ్యన పెట్టుకుని కూర్చున్నాం. ఎవరు చూసి ఉంటారు, ఎలా చూసి ఉంటారు అని ఒకటే చర్చ.

వాళ్ళమ్మ మార్తమ్మ పిన్ని గుమ్మంలో బియ్యం ఏరుతూ వింటోంది. నేను వచ్చినప్పటి నుంచీ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. చేట పక్కన పెట్టింది.

"చూసిందెవరో మీరు నిదానంగా తేల్చుకోండి గానీ, ఒరేయ్, వాడు చూళ్ళేదని తెలిస్తే నువ్వు వచ్చేవాడివి కాదన్నమాట."