మగ్గం గుంత పూడ్చేది లేదు

నా భార్య పోయిన నెల చనిపోయింది. గుండెపోటు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయను. ఆమె చేసిన పని గురించి రాయాలి.

ఆమె హిందూపురంలో డిగ్రీ లెక్చరర్. కాలేజీలో చేరిన ఏడాదిలోపే చదువు మానేసే పిల్లల్ని చూసి, రోజూ సాయంత్రం కోపంతో మా ఊరు ధర్మవరంలో రైలు దిగేది. కోపం పిల్లల మీద కాదు. పెద్ద పాఠం ఎలా చదవాలో, విన్నది ఎలా రాసుకోవాలో వాళ్లకు ఎవరూ చూపలేదని. రిటైరయ్యాక మా ముందుగదిలో తనే చూపడం మొదలుపెట్టింది. ఇంటర్ పాసైన పిల్లలు వచ్చేవారు. ఎప్పుడో చదువు ఆగిపోయిన ఆడవాళ్లు వచ్చేవారు. పెనుకొండ నుంచి కూడా ప్యాసింజర్ బండిలో వచ్చేవారు.

అది మా నాయన పట్టుచీరలు నేసిన గది. మగ్గం తీసేశాం, గుంత మిగిలింది. నాయన కాళ్లు దించుకుని కూర్చున్నచోటే ఆమె కూర్చునేది. నేల మీద కూర్చున్నవాళ్ల ముఖాలూ ఆమె ముఖమూ ఒకే ఎత్తులో ఉండేవి. మోకాళ్లు వంగవు కాబట్టి ఆ ఏర్పాటని నేననేవాణ్ణి. ఆమె ఒప్పుకునేది కాదు.

ఒక పేజీ చదివించేది. పుస్తకం మూయించి, పక్కవాళ్లకు సొంత మాటల్లో చెప్పమనేది. వెళ్లేముందు ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్న అడగాలి. అడగనిదే చెప్పులు వేసుకోనిచ్చేది కాదు.

"అర్థం కాలేదంటే సిగ్గేం లేదు. అర్థమైనట్టు తలూపేదానికి సిగ్గుపడండి" అనేది.

చీరలు నేసే ఒకామె నలభై ఏళ్ల వయసులో వచ్చి చేరింది. ఆమె భర్త ఒకరోజు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం మేడమ్, దీన్ని కాలేజీకి పంపి నన్ను వంటింట్లో కూచోబెడ్తారా?"

"నీకి వంట వస్తాదా అప్పా? రాకుంటే లోపలికి రా. ఈడ ఏదైనా అడగొచ్చు."

అందరికంటే ముందు అతని భార్యే నవ్వింది. ఇప్పుడామె డిగ్రీ రెండో ఏడాది.

కర్మలయ్యాక నా భార్య అన్న నా పక్కన కూర్చున్నాడు.

"బావా, ఇంగ ఆ గుంత పూడ్చి బండలు పర్పించు. గది బాడుగకి పోతాది."

"పూడ్చేది లేదు."

"చెప్పే మనిషే లేదు కదా. నువ్వు చెప్తావా?"

"నేను తలుపు తీస్తా."

"పెండ్లాం పోయి నెల కాలేదు, ఇంటినిండా ఆడోళ్లని ఊరు అనదా?"

"చదువుకునేకి వస్తాండారని చెప్తా."

కాలేజీలు తెరిచే సమయం దగ్గరికొచ్చింది. ఈసారి చేరాల్సినవాళ్ల తయారీ సగంలో ఉంది. వాళ్లను సగంలో వదిలేస్తే ఆమె కోపం ఎవరి మీదికి వస్తుందో నాకు తెలుసు.

సోమవారం సాయంత్రం తలుపు తీశాను. అందరూ వచ్చారు. గుంత వైపు చూసి గోడవారన కూర్చున్నారు. చివరికి ఆ చీరలు నేసే ఆమె లేచి వెళ్లి, గుంతలోకి కాళ్లు దించి కూర్చుంది.

"మేడమ్ మాదిరి నాకి రాదు. వచ్చినంత చెప్తా. పుస్తకాలు తీయండి."

గుమ్మం దగ్గర నిలబడి పాఠమంతా విన్నాను. అయ్యాక పాలు తెద్దామని బయల్దేరి, చెప్పులో కాలు పెట్టబోయాను.

"సార్, యాడికి? ప్రశ్న అడక్కుండానే?"

అందరూ నావైపు తిరిగారు. కాలు వెనక్కి తీసుకున్నాను.

"రేపు తలుపు ఎన్ని గంటలకు తీయాలమ్మా?"

"ఐదున్నరకి సార్."

చెప్పులు వేసుకున్నాను. మిగతావాళ్ల ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాళ్ల చెప్పులు గుమ్మం ముందు అట్లాగే ఉన్నాయి.