పరుపు కట్టే తాడుతో గడ్చిరోలి దాకా

సిరోంచలో నాది కిరాణా కొట్టు. సరుకు కోసం తప్ప ఊరు దాటను. పోయిన వారం మా చిన్నబిడ్డ శ్రావణి గడ్చిరోలి నుంచి ఫోన్ చేసి, "బాపూ, ఇగ నాతోని కాదు. చదువు బంద్ చేస్త. వచ్చి తీస్కపో" అని ఏడ్చింది. శ్రావణిని మేం కొడుకుగా పెంచాం. తాను ఆడపిల్లనని దసరా అప్పుడు చెప్పింది. నేను నెల రోజులు మాట్లాడలేదు, అంత మొండివాణ్ని. తర్వాత ఒప్పుకున్నాను గానీ బయట ఎవరికీ చెప్పలేదు. కాలేజీవాళ్లు ఇంకా మగపిల్లల హాస్టల్లోనే ఉంచారు. ఆ వెక్కిరింతలు పడలేకే డిగ్రీ రెండో ఏడాదిలో చదువు మానేస్తానంటోంది. "వస్తున్న" అని ఒక్క ముక్క అని ఫోన్ పెట్టేశాను. పరుపు, పెట్టె కట్టి తేవడానికి కొట్లోంచి లావుపాటి తాడు తీసుకున్నాను.

మర్నాడు ఉదయం ఆరింటికి మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సు. టికెట్టు నాలుగు వందల లోపే, కానీ అహేరి దాకా ఆ రోడ్డుకు నడుము విరిగిపోతుంది. కండక్టర్ నా భుజం మీది తాడు చూసి, "ఏంది సేటూ, బర్రెను కొననీకి పోతున్నరా?" అన్నాడు. "ఆఁ, అందుకే" అనేశాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. అహేరిలో బస్సు పావుగంట ఆగింది. ముప్పై రూపాయలకు వేడివేడి అటుకుల పోహా దొరుకుతుంది, నేను మాత్రం బస్సు దిగనే లేదు. చామోర్షి మీదుగా గడ్చిరోలి చేరేసరికి పన్నెండున్నర. అక్కడి నుంచి కాలేజీకి ఆటో యాభై.

శ్రావణి సహాయ కేంద్రంలో ఉందని వాచ్‌మన్ చెప్పాడు. ఇలాంటి పిల్లల కోసమే లైబ్రరీ వెనక పెట్టిన చిన్న గది అది. నేను గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, నా బిడ్డ తాడు చూసి గోడకు అతుక్కుపోయింది. బల్ల దగ్గరున్న మేడం గబుక్కున లేచి మా మధ్య నిలబడింది.

"తాడు బయట పెట్టుండ్రి కాకా. పిల్లను కట్టేసి తీస్కపోతనంటే ఊకోం."

అయ్యో దేవుడా! నా కన్నబిడ్డకు నేనంటే ఇంత భయమా? "పరుపు కట్టనీకి తెచ్చిన బిడ్డా! నువ్వే గద తీస్కపొమ్మన్నవు!" అంటూ అక్కడే కూలబడి ఏడ్చేశాను. కాసేపటికి శ్రావణి వచ్చి నా పక్కన కూర్చుంది.

మేడం టీ తెప్పించి సంగతి చెప్పింది. పొద్దున్నే ప్రిన్సిపాల్‌తో మాట్లాడారట. అమ్మాయిల హాస్టల్లో విడిగా ఒక గది ఇస్తారు, హాజరు పట్టీలో శ్రావణి అనే రాస్తారు. సర్కారు ఇచ్చే గుర్తింపు పత్రానికి దరఖాస్తు కూడా కేంద్రంవాళ్లే నింపుతారు. "ఇంట్లోళ్లు ఒక్కరున్నా సగం పరేషాన్ పోతది కాకా" అని, శ్రావణి వైపు తిరిగి, "ఇంటికి పోతవా, చదువుతవా? నువ్వే చెప్పు" అంది.

నా బిడ్డ నా మొహం చూసింది. "నీ ఇష్టం బిడ్డా" అన్నాను.

"ఉంట బాపూ. చదువుత."

హమ్మయ్య! గుండె మీది బండ దిగింది. పరుపు కట్టాను, కానీ కొత్త గదికి మోయడానికి.

మర్నాడు బస్సులో అదే కండక్టర్. "ఏంది సేటూ, బర్రె దొర్కలేదా?"

"బర్రె లేదు గిర్రె లేదు. నా చిన్నబిడ్డను చూసొస్తున్న. డిగ్రీ చదువుతది" అన్నాను. నలుగురూ వినాలనే గట్టిగా అన్నాను. "మంచిగ చదవనీ" అంటూ అతను టికెట్టు చింపి ఇచ్చాడు. ఇంత చిన్న మాట కోసమా ఇన్నాళ్లూ భయపడ్డాను!

మీలో ఎవరైనా ఇలా బయలుదేరాల్సి వస్తే ఆరింటి బస్సే పట్టుకోండి, దరఖాస్తుకు ఆధార్ నకళ్లు మరచిపోకండి. అన్నిటికంటే ముందు, ఎందుకు వస్తున్నారో పిల్లలకు ఫోన్‌లో చెప్పండి. నేను చెప్పలేదు. ఆ ఒక్క ముక్కా కోపంతో అన్నాననుకుని, ఆరున్నర గంటల ప్రయాణమంతా నా బిడ్డ నాకు భయపడుతూ కూర్చుంది.